ఫిల్ కాలిన్స్ 'హిట్స్': కొత్త ఇయర్‌బడ్స్ కొనేముందు ఈ పాటలు ఒకసారి వినండి

కరీంనగర్‌లో నాకు తెలిసిన పిల్లలు ఇయర్‌బడ్స్ కొనేముందు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అన్నా, బేస్ ఎట్లుంది?" టవర్ సర్కిల్ దగ్గర ఏ మొబైల్ షాపుకు పోయినా డబ్బా మీద అదే రాసి ఉంటది. 13 ఎంఎం డ్రైవర్, ఎక్స్‌ట్రా బేస్, డీప్ బేస్. రెండు వేలు జమ చేసుకుని వచ్చిన పిల్లగానికి షాపువాళ్లు ఒక డీజే పాట పెట్టి వినిపిస్తరు. చెవులో ధన్‌ధన్ మంటది, డబ్బులు చేతులు మారతయ్. అయితే ఆ డీజే పాట ఏ బడ్స్‌లోనైనా ధన్‌ధన్ మనే అంటది. దాంతో టెస్ట్ చేస్తే ఏమీ తెలియదు.

నేను మాత్రం ఏ ఆడియో గాడ్జెట్ చేతికొచ్చినా మొదట పెట్టేది ఫిల్ కాలిన్స్ 'హిట్స్' ఆల్బమ్. 1998లో వచ్చిన గ్రేటెస్ట్ హిట్స్ కలెక్షన్ ఇది. మొత్తం 16 పాటలు, గంటకు పైగా నిడివి. మనలో చాలామంది పుట్టకముందు రికార్డైన పాటలే అన్నీ. అయినా దీన్నే ఎందుకు పట్టుకున్నా అంటే, ఈ పాటలు పాడిన మనిషి ముందు డ్రమ్మర్, ఆ తర్వాతే సింగర్. దెబ్బ ఎక్కడ పడాలి, ఎక్కడ ఆగాలి, గొంతు ఎక్కడ మొదలవ్వాలి అన్నది ఆయనకు తెలిసినట్టు తక్కువమందికి తెలుసు.

ఎవరీ ఫిల్ కాలిన్స్?

ఇంగ్లండ్ మనిషి. 1970లో జెనెసిస్ అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్‌గా చేరాడు. 1975లో ఆ బ్యాండ్ సింగర్ పీటర్ గేబ్రియల్ బయటికి పోయాడు. కొత్త సింగర్ కోసం చాలామందిని పరీక్షించి చూసి, ఆఖరికి వెనకాల డ్రమ్స్ వాయించే మనిషినే మైకు ముందుకు తెచ్చారు. 1976లో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్' ఆల్బమ్‌తో కాలిన్స్ మెయిన్ సింగర్ అయ్యాడు. 1981లో 'ఫేస్ వాల్యూ'తో సోలో కెరీర్ మొదలైంది. 1985 జులై 13న లైవ్ ఎయిడ్ రోజు లండన్‌లో పాడి, కాంకర్డ్ విమానం ఎక్కి, అదే రోజు అమెరికాలోని ఫిలడెల్ఫియా స్టేజీ మీద కూడా కనబడ్డాడు.

డ్రమ్స్ దగ్గర మొదలై ముందుకొచ్చినవాళ్లు మనకూ ఉన్నారు. తమన్‌నే తీసుకోండి. డ్రమ్మర్‌గా మొదలై, 2003లో శంకర్ 'బాయ్స్'లో డ్రమ్మర్ పాత్రలో నటించి, తర్వాత సంగీత దర్శకుడై 'అల వైకుంఠపురములో' పాటలకు జాతీయ అవార్డు అందుకున్నాడు. ఆయన బీజీఎంకు థియేటర్ స్పీకర్లు ఎందుకు అదురుతయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటది. డ్రమ్మర్ చెవి పాటను కింది నుంచి కడుతూ వస్తది.

పొరపాటున దొరికిన సౌండ్

టెక్ ఇష్టపడేవాళ్లకు ఈ ఆల్బమ్‌లో అసలు కిక్ ఇక్కడుంది. 'ఇన్ ది ఎయిర్ టునైట్' పాటలో డ్రమ్స్ ఒక పెద్ద హాల్లో పిడుగు పడ్డట్టు మోగి, వెంటనే కత్తితో కోసినట్టు ఆగిపోతయ్. దీన్ని గేటెడ్ రివర్బ్ అంటారు. 1980ల పాటల్లో సగం డ్రమ్స్ ఇట్లనే మోగేవి.

అది దొరికిన కథ చిత్రంగా ఉంటది. లండన్‌లో టౌన్‌హౌస్ స్టూడియో. పీటర్ గేబ్రియల్ తన 1980 ఆల్బమ్ రికార్డింగ్‌లో ఉన్నాడు, డ్రమ్స్ మీద కాలిన్స్, ఇంజినీర్ హ్యూ ప్యాడ్గమ్. స్టూడియో లోపల ఉన్న ఆర్టిస్టులు మాట్లాడితే కంట్రోల్ రూములో వినబడటానికి సీలింగ్‌కు ఒక మైకు వేలాడదీస్తారు. రికార్డింగ్‌కు పనికొచ్చేది కాదది, ఉత్త మాటల కోసమే. మెల్లగా మాట్లాడినా వినబడాలి, గట్టిగా అరిచినా చెవులు పగలొద్దు. అందుకే దానికి బలమైన కంప్రెసర్ తగిలించి ఉంటది. ఆ మైకు ఆన్‌లో ఉండగా కాలిన్స్ డ్రమ్స్ వాయించాడు. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లు అదిరిపోయారు. ప్యాడ్గమ్ ఆ మైకును రికార్డ్ చేసేలా వైరింగ్ మార్పించి, దానికి నాయిస్ గేట్ కలిపాడు.

నాయిస్ గేట్ అంటే కొత్తదేం కాదు. వీడియో కాల్‌లో అవతలి మనిషి మాట ఆపగానే వెనకాల ఫ్యాన్ చప్పుడు కూడా టక్కున పోతది చూడండి, సూత్రం అదే. శబ్దం ఒక స్థాయి దాటితే తలుపు తెరుచుకుంటది, దిగితే మూసుకుంటది. కంప్రెసర్ గది ప్రతిధ్వనిని ఉబ్బిస్తే, గేట్ దాన్ని మధ్యలో నరికేస్తది. ముందు గేబ్రియల్ 'ఇంట్రూడర్' పాటలో వాడారు, మరుసటి ఏడాదే కాలిన్స్ సొంత పాటతో ప్రపంచమంతా తెలిసింది.

నేను టెస్ట్ చేసే ఐదు పాటలు

ఇన్ ది ఎయిర్ టునైట్: మొదట్లో రోలాండ్ సీఆర్-78 అనే డ్రమ్ మెషీన్ చాలా మెల్లగా నడుస్తది. అసలు డ్రమ్స్ వచ్చేది సుమారు 3 నిమిషాల 40 సెకన్ల దగ్గర. చవక బడ్స్‌లో ఆ మెల్లని మెషీన్ చప్పుడు బేస్ కింద మునిగిపోతది. డ్రమ్స్ వచ్చినప్పుడు ప్రతి దెబ్బ విడిగా మొదలై విడిగా ఆగాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినబడాలి. బుర్ర్‌మని ఒకటే ముద్దగా వినబడితే అది బేస్ కాదు, బురద.

ఈజీ లవర్: ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బ్యాండ్ సింగర్ ఫిలిప్ బెయిలీతో కలిసి పాడిన పాట. రెండు గొంతులు కలిసినప్పుడు కూడా ఎవరిది ఎవరిదో తెలియాలి. తెలియకపోతే ఆ బడ్స్‌లో మిడ్స్ వీక్ అన్నట్టే. మన సినిమా డ్యూయెట్లు కూడా వాటిలో అట్లనే వినబడతయ్.

సుసూడియో: 1985 పాట, అమెరికాలో నంబర్ వన్ అయింది. సింథ్ బేస్, పైన బ్రాస్ వాయిద్యాలు. ట్రెబుల్ ఎక్కువ పెట్టిన బడ్స్‌లో ఆ ట్రంపెట్లు చెవిలో గుచ్చుకుంటయ్. రెండు నిమిషాల్లో చెవి నొస్తే ఆ జత వద్దు.

ఎ గ్రూవీ కైండ్ ఆఫ్ లవ్: మెల్లని పాట, డ్రమ్స్ హడావుడి లేదు. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఏఎన్‌సీ ఆన్ చేసి వినండి. వెనకాల సన్నగా 'స్‌స్' అనే హిస్ వస్తుందా లేదా దీంట్లోనే తేలుతది.

టేక్ మీ హోమ్: ఆల్బమ్‌లో ఆఖరి పాట. ఒక పొర మీద ఒక పొర ఎక్కుతూ పోతది. వెనకాల కోరస్‌లో స్టింగ్, పీటర్ గేబ్రియల్ గొంతులు కూడా ఉన్నయ్. చివరికి వచ్చేసరికి అన్నీ కలిసి మోగుతున్నా దేని చోటు దానికి ఉండాలి.

డప్పుతో పోల్చి చూస్తే

ఇంగ్లీష్ పాటలెందుకు, మన పాటలతో టెస్ట్ చేయొచ్చు కదా అంటారేమో. తప్పకుండా చేయండి. నా రెండో టెస్ట్ డప్పే. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ లోతుగా, పుల్ల దెబ్బ సన్నగా, చురుగ్గా ఉంటది. మంచి బడ్స్‌లో ఈ రెండూ వేర్వేరుగా వినబడతయ్. ఎక్స్‌ట్రా బేస్ బడ్స్‌లో పుల్ల దెబ్బ మాయమైతది.

ఇంకో తేడా కూడా ఉంది. డప్పు బయలు జాగాలో మోగే వాయిద్యం, చుట్టూ గోడలుండవు. కాలిన్స్ డ్రమ్స్‌లో వినబడేది దెబ్బతో పాటు ఆ గది కూడా. ఒకటి దెబ్బను పరీక్షిస్తది, ఒకటి జాగాను పరీక్షిస్తది. రెండూ పాసైతేనే ఆ బడ్స్ మంచివి.

ఆదిలాబాద్ వైపు దీపావళికి జరిగే దండారిలో గుస్సాడీ ఆట చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలిసే ఉంటది. అక్కడ మోగే వాయిద్యాలను ఫోన్‌తో రికార్డ్ చేసి ఇంటికొచ్చి వింటే అంతా నొక్కేసినట్టు ఉంటది. ఫోన్‌లోని ఆటోమేటిక్ గెయిన్ పెద్ద దెబ్బను అణిచి, చిన్న చప్పుడును లేపుతది. టౌన్‌హౌస్ సీలింగ్ మైకు చేసిన పనీ దాదాపు ఇదే. అక్కడ తెలిసి వాడుకున్నారు కాబట్టి అది కళ అయింది, మన ఫోన్లో తెలియకుండా జరుగుతది కాబట్టి రికార్డింగ్ పాడవుతది. అందుకే వాయిద్యానికి పది పదిహేను అడుగుల దూరం జరగండి, గెయిన్ చేత్తో మార్చుకునే రికార్డర్ యాప్ వాడండి. మర్లవాయి కనకరాజు గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయాడు. అట్లాంటి పెద్దమనుషుల ఆటపాటలు రేపటి పిల్లలకు మిగిలేది ఇవాళ మనం తీసే రికార్డింగుల్లోనే.

వినేముందు ఈ సెట్టింగ్స్ చూసుకోండి

ముందుగా ఈక్వలైజర్‌ను ఫ్లాట్‌లో పెట్టండి. బేస్ బూస్ట్, 3డీ లాంటివన్నీ ఆపేయండి. యాప్‌లో స్ట్రీమింగ్ క్వాలిటీ ఆటోలో ఉంటే హైకి మార్చండి. లేకుంటే సిగ్నల్ తగ్గినప్పుడల్లా క్వాలిటీ కూడా పడిపోతది. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లోకి పోతే ఏ బ్లూటూత్ కోడెక్ నడుస్తుందో కనబడుతది. ఎల్‌డీఏసీ గరిష్ఠంగా 990 కేబీపీఎస్ వరకు పోతది, కానీ ఫోన్‌లో, బడ్స్‌లో రెండింట్లోనూ ఉండాలి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ట్యూనింగ్ బాగున్న ఏఏసీ బడ్స్, ట్యూనింగ్ చెడిన ఎల్‌డీఏసీ బడ్స్ కంటే ఎప్పుడూ మేలే. సిలికాన్ టిప్ చెవికి సరిగ్గా సరిపోకపోతే ఏ కోడెక్ పెట్టినా బేస్ రాదు. డబ్బాలో ఇచ్చే మూడు సైజులూ పెట్టి చూడండి.

వాల్యూమ్ సంగతి

ఈ ఆల్బమ్ వింటే వాల్యూమ్ పెంచాలని చెయ్యి లాగుతది. ఆగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే వారానికి 4 గంటలే. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటనీయొద్దన్నది కూడా వాళ్ల సలహానే. నేను టెస్టింగ్ అంతా 50 నుంచి 60 మధ్యనే చేస్తా. ఆ వాల్యూమ్‌లో బాగుంటేనే అవి మంచి బడ్స్.

ఒంటి విలువ కాలిన్స్‌కు బాగా తెలిసొచ్చింది. 2007 జెనెసిస్ టూర్ సమయంలో మెడ వెన్నుపూస దెబ్బతిని, చేతుల నరాలు సరిగ్గా పనిచేయలేదు. 2010 ఆల్బమ్ 'గోయింగ్ బ్యాక్' కోసం డ్రమ్ కర్రలను చేతులకు టేపుతో కట్టుకుని వాయించాడు. తర్వాత టూర్లలో ఆయన కుర్చీలో కూర్చుని పాడితే, వెనకాల డ్రమ్స్ వాయించింది కొడుకు నిక్. 2022 మార్చి 26న లండన్ ఓ2లో జెనెసిస్ ఆఖరి కచేరీ కూడా అట్లనే జరిగింది. ఆ పిడుగు లాంటి దెబ్బలు స్టేజీ మీద ఆయన చేతుల నుంచి వినే రోజులు అయిపోయినయ్. మనకు మిగిలింది ఈ రికార్డింగులే. వాటిని బురద బేస్‌లో ముంచి వింటే ఏం లాభం?

'హిట్స్' వినాలా, 'ది సింగిల్స్' వినాలా?

2016లో 'ది సింగిల్స్' అని ఇంకా పెద్ద కలెక్షన్ వచ్చింది. 2 సీడీల వెర్షన్‌లో 33 పాటలు, 3 సీడీల దాంట్లో 45. 'టార్జాన్' సినిమాకు ఆస్కార్ తెచ్చిన 'యూ విల్ బీ ఇన్ మై హార్ట్' అందులో ఉంది. అది 1999 పాట కాబట్టి 'హిట్స్'లో ఉండదు. కాలిన్స్‌ను మొత్తంగా తెలుసుకోవాలంటే 'ది సింగిల్స్'. గాడ్జెట్ టెస్ట్‌కు, మొదటిసారి వినేవాళ్లకు 'హిట్స్' చాలు.

నచ్చినవి: డ్రమ్స్ రికార్డింగ్, గొంతులోని స్పష్టత, మెల్లని పాటలూ జోరు పాటలూ కలిసిన వరస.

నచ్చనివి: 1990ల పాటలు కొన్ని ముందువాటి ముందు తేలిపోతయ్. జెనెసిస్ పాటలు ఒక్కటీ లేవు. 'ట్రూ కలర్స్' కవర్ వినసొంపుగా ఉన్నా సిండీ లాపర్ ఒరిజినల్ దాటలేదు.

ఫైనల్ మాట: ఈసారి షాపుకు పోయినప్పుడు వాళ్లు పెట్టిన డీజే పాట వినకండి. మీ ఫోన్ కనెక్ట్ చేయమని అడగండి, 'ఇన్ ది ఎయిర్ టునైట్' మొదటి నుంచి పెట్టండి, నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి. ఆ డ్రమ్స్ వచ్చినప్పుడు దెబ్బలు లెక్కపెట్టగలిగితే కొనండి. లేకపోతే డబ్బా షెల్ఫ్‌లో పెట్టేసి పక్క మోడల్ అడగండి.