గ్రాముల వేట, గాలితో పేచీ

మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఈమధ్య ట్రయథ్లాన్ మొదలుపెట్టారా? మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. వాళ్ళు చెప్పకుండా ఉండలేరు! ముందు ఈత, వెంటనే సైకిలు, ఆపైన పరుగు. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీనే తీసుకోండి. 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, చివర 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. 70.3 అన్నది ఈ మొత్తం దూరం, మైళ్ళలో. పాల్గొనేవారిలో ఎక్కువమంది ఉద్యోగస్తులే. తెల్లవారుజామున సాధన, పగలు ఆఫీసు, రాత్రి కొత్త సామాను ధరలు చూసుకోవడం.

ఇలాంటి మిత్రుడి మొదటి గురి బరువు మీద ఉంటుంది. ఉక్కు సైకిలు పోయి అల్యూమినియం సైకిలు వస్తుంది, అదీ పోయి కార్బన్ ఫైబర్‌ది వస్తుంది. ఒక్క కిలో తగ్గించడానికి వేలు, ఒక్కోసారి లక్షలు ఖర్చవుతాయి. దీనివల్ల ఎంత లాభమో లెక్క చూద్దాం. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనీ, వేగం గంటకు 30 కిలోమీటర్లనీ అనుకోండి. చదునైన దారిలో కిలో తగ్గితే చక్రాల దొర్లుడు ఘర్షణ కాస్త తగ్గుతుంది, అంతే. మూడు గంటల ప్రయాణంలో మిగిలేది సుమారు 10 సెకన్లు. ఎత్తు ఎక్కేటప్పుడు లాభం ఇంకొంచెం ఎక్కువ, నిజమే. కానీ పోటీ రోజున ముప్పావు లీటరు నీళ్ళసీసాలు రెండు తగిలించగానే కిలోన్నర మళ్ళీ వచ్చి కూర్చుంటుంది!

అసలు పేచీ గాలితో. మీ వేగం రెట్టింపయిందనుకోండి. సెకనుకు మీకు ఎదురయ్యే గాలి రెట్టింపవుతుంది, దాన్ని తోయవలసిన వేగమూ రెట్టింపవుతుంది. కాబట్టి నిరోధం నాలుగు రెట్లు. పైగా సెకనుకు రెట్టింపు దూరం పోతున్నారు గనుక, గాలిని జయించడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 36కి పెరగాలంటే వేగంలో పెరుగుదల 20 శాతమే. గాలికి చెల్లించవలసింది మాత్రం 73 శాతం ఎక్కువ. ఇంతకీ ఆ గాలికి అడ్డుగా నిలబడింది ఎవరు? సైకిలు వాటా సుమారు నాలుగో వంతు. మిగిలినదంతా దానిమీద కూర్చున్న పెద్దమనిషిదే.

దీనికి గొప్ప రుజువు 1989 టూర్ ద ఫ్రాన్స్. చివరిరోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల ఒంటరి పరుగు. అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. అతను ట్రయథ్లాన్ వాళ్ళ దగ్గర పుట్టిన కడ్డీలు బిగించుకుని, మోచేతులు వాటిపై ఆనించి, చేతులు ముందుకు చాచి, ఒళ్ళు ముడుచుకుని తొక్కాడు. ఫ్రాన్స్ వీరుడు లారెంట్ ఫినియాన్ మామూలు పద్ధతిలో, హెల్మెట్ లేకుండా, పిలకజుట్టు ఎగురుతుండగా తొక్కాడు. మూడువారాల పోటీని లెమాండ్ 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ 8 సెకన్లూ కడ్డీలవేనని ఒట్టేసి చెప్పలేం గాని, ఆ తర్వాత ఇలాంటి పోటీల్లో అవి లేకుండా వచ్చినవారు అరుదు.

అయితే ఇవన్నీ చాంపియన్లకే, మందకొడిగా తొక్కేవారికి దండగ అని నవ్వకండి. లెక్క వేరేలా చెబుతోంది. గాలి నిరోధం 10 శాతం తగ్గిందనుకుందాం. 90 కిలోమీటర్లను రెండు గంటల్లో తొక్కే మొనగాడికి మిగిలేది 4 నిమిషాల లోపే. మూడు గంటలు తీసుకునే మన మిత్రుడికి 5 నిమిషాల పైనే! దారిమీద ఎక్కువసేపు ఉండేవాడికి ఎక్కువ మిగులు. ఒక్క జాగ్రత్త: ఆ కడ్డీలు పట్టుకున్నప్పుడు బ్రేకులు చేతికి అందవు. బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డుమీద 5 నిమిషాలు మిగుల్చుకోబోతే ఆసుపత్రిలో నెలలు గడపవలసి రావచ్చు. ఖాళీ దారుల్లోనే వాడాలి.

ఈతకు వాడే రబ్బరు తొడుగుది మరో కథ. అందులోని సన్నని వాయు బుడగలు ఒంటిని తేలుస్తాయి, నీటిలో కిందికి దిగే కాళ్ళు పైకి లేస్తాయి, నిరోధం తగ్గుతుంది. కానీ అది చన్నీళ్ళ దేశాలకోసం పుట్టింది. గోవా సముద్రపు వెచ్చదనంలో దానికి పనిలేదు. అయినా కొందరి బీరువాల్లో భద్రంగా ఉంటుంది.

ఇక ఈతకూ సైకిలుకూ మధ్య బట్టలు, బూట్లు మార్చుకునే సమయం ఉంది చూశారూ, అదీ పోటీ సమయంలో భాగమే. గడియారం ఆగదు. హెల్మెట్ పట్టీ బిగించనిదే సైకిలును నిలిపినచోటి నుంచి తీయకూడదని నియమం. వేలుపోసి కొన్న కోసుతోక హెల్మెట్ పట్టీతో తడిచేతుల పెద్దమనిషి కుస్తీ పడుతుంటాడు. కిలో బరువు తగ్గించి సంపాదించిన 10 సెకన్లు అక్కడే కరిగిపోతుంటాయి.