సెల్లులో సెల్లు

జైల్లో తనిఖీ చేస్తే ఫలానా ఖైదీ సెల్లులో సెల్లు దొరికిందని పేపర్లో అప్పుడప్పుడు వార్త వస్తూ ఉంటుంది. చదివినవాళ్ళెవరూ తికమకపడరు. మొదటిది గది, రెండోది ఫోను. ఆ ఫోను విప్పితే లోపల ఇంకో సెల్లు ఉంటుంది, కరెంటు ఇచ్చేది. ఫోను దాచిన చేతిని సూక్ష్మదర్శిని కింద పెడితే అక్కడా సెల్లులే. రెండు వరుసల వార్తలో నాలుగు సెల్లులు! "ఇంగ్లీషువాళ్ళకి మాటలకి అంత కరువొచ్చిందా తాతయ్యా?" అంది మా మనవరాలు.

కరువు కాదమ్మా, పొదుపు. ఎవరూ చూడని వస్తువు ఎదురైతే కొత్త పేరు కట్టి నలుగురికీ అలవాటు చెయ్యడం కన్నా, వాడుకలో ఉన్న పాత మాటని తీసి తగిలించెయ్యడం తేలిక. 'రన్' అనే చిన్న క్రియకి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు లెక్క తీస్తే 645 అర్థాలు తేలాయి. దాని జోలికి పోతే తెల్లారుతుంది. అందుకని ఈ పూటకి సెల్లుతో సరిపెట్టుకుందాం.

లాటిన్లో 'సెల్లా' అంటే చిన్న గది. ధాన్యం, నూనె, సారాయి దాచుకునే కొట్టు. అపార్ట్‌మెంట్లలో మనం కార్లు పెట్టుకునే సెల్లార్ దానికి చుట్టమే. రోమన్ల గుళ్ళలో దేవుడి విగ్రహం ఉండే లోపలి గదినీ సెల్లా అనేవారు. తరవాత క్రైస్తవ మఠాల్లో సన్యాసులు ఒక్కొక్కరే ఉండే ఇరుకు గదులకి ఆ పేరు వచ్చింది. అక్కణ్ణుంచి జైలు గదికి ఎంతో దూరం లేదు. తలుపు గడియ లోపలుందా బయటుందా అన్నదే తేడా.

ఈ మాట సైన్సులోకి దూరింది 1665లో. లండన్‌లో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసా బిరడాకి వాడే కార్కుని పదునైన చాకుతో పల్చగా చెక్కి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ముక్క తెల్లగా ఉంది కాబట్టి కింద నల్లటి పలక పెట్టాడు. కనిపించినవి వరసగా ఖాళీ అరలు. సన్యాసుల గదులు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గానీ, ఆయన సొంత పుస్తకం 'మైక్రోగ్రాఫియా'లో పోలిక తెచ్చింది తేనెపట్టుతో. నా మటుకు నేను ఆయన మాటే నమ్ముతాను. చూసి ఊరుకునే రకం కాదు హుక్. అంగుళంలో పద్దెనిమిదో వంతు మేర సుమారు అరవై అరలు ఉన్నాయని ఎంచాడు. అంటే అంగుళం పొడుగున 1080. మరి ఘనపు అంగుళంలో? 1080ని మూడుసార్లు వేసి గుణించాడు. 125 కోట్ల 97 లక్షల 12 వేలు వచ్చింది. కాలిక్యులేటర్ లేని రోజుల్లో! మీరూ వేసి చూసుకోండి, తప్పు దొరకదు.

తమాషా ఏమిటంటే, ఆయన చూసింది ప్రాణం ఉన్న కణాన్ని కాదు. కార్కు అంటే చెట్టు బెరడు. లోపలి సరుకు ఎప్పుడో ఎండిపోయి గోడలే మిగిలాయి. ఆయన పేరు పెట్టింది ఖాళీ ఇంటికి. తరవాతి తరాలవాళ్ళు బతికున్న కణాలని చూసి, 1838, 1839లలో ష్లైడెన్, ష్వాన్ అనే ఇద్దరు జర్మన్లు మొక్కలైనా జంతువులైనా అన్నీ వీటితో కట్టినవేనని తేల్చేసరికి, అసలు కథ గోడలో లేదు, గోడ మధ్య ఉన్న దాంట్లో ఉందని తెలిసింది. అప్పటికే పేరు పాతుకుపోయింది. మన ఒంట్లో ఉన్న ముప్పై లక్షల కోట్ల పైచిలుకు కణాల్లో ఒక్కదానికీ చెక్కలాంటి గోడ లేదు, ఉన్నది పల్చటి పొర. నెత్తురులో ఈదుతూ తిరిగే ఎర్ర కణాన్ని 'గది' అనడం ఏమిటి? అయినా అది సెల్లే. తెలుగులో కణం అన్నవాళ్ళు లోపలి సరుకుని చూసి పేరు పెట్టినట్టున్నారు. అయితే ఎలక్ట్రానుని కూడా కణమే అంటున్నాం కాబట్టి ఇంగ్లీషుని మరీ వెక్కిరించక్కర్లేదు.

గోడకీ ఒక పేరు దక్కింది. 1838లోనే ఫ్రెంచి రసాయనవేత్త పయెన్ మొక్కల కణాల గోడల్లో ఉండే పదార్థాన్ని విడదీశాడు. దానికి వచ్చిన పేరు సెల్యులోజ్. పత్తి దాదాపు అంతా అదే. దాన్నుంచి చేసిన ప్లాస్టిక్ సెల్యులాయిడ్. దానిమీదే మొదట్లో సినిమాలు తీశారు. మన పత్రికలవాళ్ళు ఇప్పటికీ సినిమాని 'సెల్యులాయిడ్ ప్రపంచం' అంటారు చూడండి, అది రోమన్ల నూనెకొట్టుకి మునిమనవరాలు.

ఇక కరెంటు సెల్లు. 1800లో ఇటలీలో వోల్టా రెండు రకాల లోహపు బిళ్ళలని, మధ్య మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్కలతో, దొంతరగా పేర్చి నిలకడైన కరెంటు పుట్టించాడు. ఆ దొంతర నిలబెడితే తడి కారిపోయేది. వెంటనే దాన్ని పడుకోబెట్టి, చెక్కతొట్టెలో లోహపు పలకలనే అడ్డుగోడలుగా బిగించి, మధ్య అరల్లో ద్రావకం పోశారు. అరలు వచ్చాక సెల్లు అనే పేరు రాకుండా ఉంటుందా!

ఇది ఇంట్లోనే చూడొచ్చు. ఇన్వర్టర్ బేటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్ళని గమనించండి. పైన ఒక మూత ఉండదు, ఆరు ఉంటాయి. ఒక్కో మూత కింద ఒక్కో అర. ఒక్కో అర ఇచ్చేది రెండు వోల్టులే. ఆరూ వరసగా కలిస్తే పన్నెండు. ఒక అరలో నీళ్ళు తగ్గితే పక్క అరలోంచి రావు, మధ్యలో గోడ ఉంది. అందుకే ఆరింటినీ విడివిడిగా చూసి పోయాలి. ఆ అర సెల్లు, ఆ ఆరూ కలిసిన పెట్టె బేటరీ. బేటరీ అనే మాట సైన్యం నుంచి వచ్చింది. ఒక వరసలో నిలబెట్టిన ఫిరంగుల గుంపుకి ఆ పేరు. విద్యుత్తు నిలవచేసే గాజు జాడీలని అలాగే వరసగా కలిపి బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని వాడేసుకున్నాడు. ఈ లెక్కన రిమోట్‌లో వేసే ఒంటి సెల్లుని బేటరీ అనే అమెరికావాడి కన్నా, 'మూడు సెల్లుల టార్చిలైటు' అనే మన పల్లెటూరి రైతే ఫిజిక్సుకి దగ్గరగా ఉన్నాడు.

"మరి ఫోన్లో గది ఎక్కడుంది?"

ఫోన్లో లేదు, ఊళ్ళో ఉంది. పక్కపక్క వీధుల్లో రెండు పెళ్ళిళ్ళకి మైకులు పెడితే ఏ పాటా సరిగ్గా వినబడదు. నాలుగు వీధుల అవతల పెడితే ఎవరి గోల వారిది. రేడియో తరంగాలూ అంతే. ఊరంతటికీ ఒకే పెద్ద టవరు వేస్తే ఉన్న కాసిని ఫ్రీక్వెన్సీలతో ఒకేసారి కొద్దిమందే మాట్లాడుకోగలరు. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ అనే ఇంజనీరు ఊరిని ఆరు పలకల చిన్న చిన్న అరలుగా కోసి, అరకో చిన్న టవరు పెడదామని రాశాడు. ఆనుకుని ఉన్న అరలకి వేరువేరు ఫ్రీక్వెన్సీలు ఇచ్చి, దూరంగా ఉన్న అరలో పాతదే మళ్ళీ వాడుకోవచ్చు. గుండ్రటి అరలైతే మధ్య సందులు మిగులుతాయి, ఆరు పలకలవి అతుక్కుపోతాయి. ఆయన గీసిన బొమ్మ చూస్తే హుక్ చెప్పిన తేనెపట్టే! మీరు బస్సులో మాట్లాడుతూ పోతుంటే ఒక అర మిమ్మల్ని పక్క అరకి అప్పగిస్తూ ఉంటుంది, మీకు తెలియనైనా తెలియదు. ఆ ఆలోచన చేతిలోకి రావడానికి పాతికేళ్ళు పైనే పట్టింది. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి చేతి ఫోనుతో మాట్లాడాడు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది.

ఇంతసేపూ తిరిగినవన్నీ ఒక్క మాట పిల్లలే. ఇంగ్లీషులో అన్నీ ఇలాంటివి కావు. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాల దగ్గర 'ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ చీక్' అని రాసుకున్న పిల్ల, ఇంటర్లో చేరగానే కెమిస్ట్రీ పుస్తకంలో ఇంకో మోల్ ఎదురై నోరు తెరుస్తుంది. పుట్టుమచ్చ మోల్ పాత ఇంగ్లీషుది. భూమిలో బొరియలు తవ్వే జంతువు మోల్ వేరే మాట. కెమిస్ట్రీ మోల్‌కి ఈ రెండింటితోనూ చుట్టరికం లేదు. అది 1890లలో జర్మనీలో ఓస్ట్వాల్డ్ 'మాలిక్యూల్'ని కత్తిరించి తీసింది. 18 గ్రాముల నీళ్ళు, అంటే మూడు నాలుగు చెంచాలు, ఒక మోల్. అందులో అణువులు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని. ఓడరేవులో అలలని ఆపే రాతికట్టనీ మోల్ అంటారు. లాటిన్లో 'మోలెస్' అంటే పెద్ద గుట్ట, మాలిక్యూల్ అంటే బుల్లి గుట్ట. కాబట్టి కంటికి కనబడని అణువుకి సొంత అన్న ఆ రాతికట్ట!

ఏది ఒక మాట సంతానమో, ఏవి పేరొక్కటే కలిసిన పరాయివాళ్ళో మంచి డిక్షనరీ చూస్తే తెలిసిపోతుంది. సంతానమైతే ఒకే పద్దు కింద 1, 2, 3 అని అర్థాలు ఇస్తారు. పరాయివాళ్ళైతే ఆ మాటనే మళ్ళీ కొత్త పద్దుగా వేసి పక్కన పైకి చిన్న అంకె వేస్తారు. 'బ్యాట్' దగ్గర తీసి చూడండి. క్రికెట్టుది ఒక పద్దు, గబ్బిలానిది ఇంకో పద్దు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు గబ్బిలాన్ని 'బక్కె' అనేవారు, అది అరిగి అరిగి బ్యాట్ అయింది.