మందు కోసం... మంచులో 1085 కిలోమీటర్లు!

నెనానా, నోమ్... రెండూ అమెరికాలోని అలాస్కా పట్టణాలే. మంచుదారిలో వాటి మధ్య దూరం 1085 కిలోమీటర్లు. ఒకప్పుడు చలికాలంలో కుక్కలు లాగే స్లెడ్జి బండ్లే దిక్కు. ఉత్తరాల సంచి నోమ్ చేరాలంటే పాతిక రోజులు పట్టేది. కానీ 1925 జనవరిలో ఆ ఊరికి అంత వ్యవధి లేదు!

పిల్లలకు డిఫ్తీరియా సోకింది. గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాక్టరు కర్టిస్ వెల్చ్. ఆయన దగ్గరున్న మందుకేమో గడువు దాటిపోయింది. సముద్రం గడ్డకట్టింది కాబట్టి ఓడలు రావు. అప్పటి విమానాల్లో పైలట్ కూర్చునేచోట పైకప్పు ఉండేది కాదు. ఆ చలిలో ఎగరడమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమే. సాయం కోసం డాక్టరు టెలిగ్రాములు పంపారు.

యాంకరేజ్‌లో 3 లక్షల యూనిట్ల సీరం దొరికింది. దాన్ని రైల్లో నెనానా దాకా తెచ్చారు. అక్కడి నుంచి నోమ్ వైపు పట్టాలు లేవు. ఇక మిగిలింది స్లెడ్జిలే. 20 మంది మనుషులు, సుమారు 150 కుక్కలు... ఒకరి తర్వాత ఒకరు మందు అందుకునేలా రిలే ఏర్పాటైంది.

జనవరి 27 రాత్రి మొదటి బండి కదిలింది. చలి మైనస్ 40 డిగ్రీల కన్నా తక్కువ. ఒక్కొక్కరికీ సగటున 50 కిలోమీటర్ల దూరం పడితే, లియోన్‌హార్డ్ సెప్పాలా మాత్రం మందుతో 146 కిలోమీటర్లు నడిపాడు. అదీ ఎప్పుడు విరుగుతుందో తెలియని సముద్రపు మంచు మీదుగా! ఆయన బండికి ముందు నడిచిన కుక్క టోగోకి అప్పటికే పన్నెండేళ్లు.

చివరి బండి గున్నార్ కాసెన్‌ది. గాలి దెబ్బకు బండి బోల్తాపడి మందు మంచులో పడిపోయింది. చీకట్లో చేతులతో తడిమి వెతికి పట్టుకున్నాడు. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేరాడు. పాతిక రోజుల దారి అయిదున్నర రోజుల్లో పూర్తయింది! కొన్ని కుక్కలు మాత్రం దారిలోనే చనిపోయాయి.

కాసెన్ బండిని నడిపించిన బాల్టోకి అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. ఎక్కువ దూరం పరిగెత్తిన టోగోకి గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది.

నోమ్‌కి యాంకరేజ్ లాంటి పెద్ద ఊళ్ల నుంచి ఇప్పటికీ రోడ్డు లేదు. యాంకరేజ్ నుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. అయినా 1973 నుంచి ఏటా జరిగే ఇడిటరాడ్ పందెంలో స్లెడ్జి కుక్కలు ఆ ఊరికి పరిగెత్తుకుంటూనే వస్తున్నాయి.