రాజమండ్రి అంటే కొబ్బరిచెట్లు కాదండీ

సినిమాల్లో చూసి, రైలు కిటికీలోంచి చూసి రాజమండ్రి తెలుసనుకునేవాళ్లు చాలామంది. వంతెన మీద రైలు చప్పుడు, నీళ్లలోకి విసిరే రూపాయి బిళ్ల, దూరంగా ఘాట్ల మెట్లు, అంతే. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లల్ని బళ్లో వేసి, ఎండాకాలం కరెంటు బిల్లు కట్టేవాళ్లకు తెలిసిన ఊరు వేరు. 2015లో ప్రభుత్వం పేరును రాజమహేంద్రవరంగా మార్చింది. కాగితాల మీద అదే నడుస్తోంది, ఆటో స్టాండులో మాత్రం ఇంకా రాజమండ్రే. ఈ ఊరి గురించి బయట చెప్పుకునే మాటల్లో కొన్ని నిజం, చాలా వాటిలో సగం నిజం.

అపోహ: రాజమండ్రి కోనసీమలో ఉంది

లేదు. కోనసీమ కావాలంటే ఏరు దాటాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలాక వాటి నడుమ ఉన్నది కోనసీమ, దానికి పెద్దూరు అమలాపురం. రాజమండ్రి ఆ చీలికకు ఎగువన, డెల్టా గుమ్మంలో ఉంది. ఊరు దాటి కోరుకొండ, రాజానగరం వైపు వెళ్తే కనబడేది ఎర్రనేల, జీడిమామిడి తోటలు, బోరు నీళ్ల సేద్యం. అచ్చమైన మెట్ట. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను 1947లో పెట్టింది ఈ ఊళ్లోనే. వరి పరిశోధన చూడాలంటే పశ్చిమ గోదావరిలోని మార్టేరు వెళ్లాలి. ఇటు దిగువన కడియం, కడియపులంక నర్సరీలు. అటు ఎగువన రంపచోడవరం, మారేడుమిల్లి ఏజెన్సీ.

మెట్ట, డెల్టా, ఏజెన్సీ మూడూ కలిసే చోట పెరిగిన బజారు ఈ ఊరు. ఈ మూడు చోట్లవాళ్ల రాకపోకల మీదే బతుకుతోంది. ఈ సంగతి పట్టుబడితే మిగతా అపోహలు సగం వాటంతటవే పోతాయి. పొద్దున్నే తాడితోట బట్టల మార్కెట్టుకు వెళ్లి చూడండి. చిన్న ఊళ్లలో కొట్లు పెట్టుకున్నవాళ్లు బేరమాడి, చీరలు మూటలు కట్టించుకుని, ఆ మూటల మీదే కూర్చుని టీ తాగుతుంటారు. మధ్యాహ్నం బస్సుకు సరుకు ఇంటికి చేరాలి. దానవాయిపేట ఆసుపత్రుల వీధుల్లో సందడి ఇంకో రకం. ఏజెన్సీ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన కుటుంబం, చేతిలో ఎక్స్‌రే కవరు, స్టీలు క్యారియరు. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు, ఆఖరి బస్సు కూడా సాయంత్రమే. ఆ రెండింటి మధ్య ఆ వీధిలోని మెస్సులు, లాడ్జీలు, మందుల షాపులు అన్నీ బతుకుతాయి. ఊరి జనాభా 2011 లెక్కల్లో 3.4 లక్షల చిల్లర. పగటిపూట తిరిగే జనాన్ని చూస్తే ఆ అంకె చిన్నదనిపిస్తుంది.

అపోహ: గోదావరికి తూర్పున ఉంటే తూర్పు గోదావరి, పడమర ఉంటే పశ్చిమ గోదావరి

2022 ఏప్రిల్ దాకా ఆ లెక్క దాదాపు సరిపోయేది. జిల్లాల విభజనతో చెల్లిపోయింది. ఇప్పుడు ఏటికి అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో ఉన్నాయి. కాకినాడ, అమలాపురం అందులో లేవు. పశ్చిమ గోదావరికి కేంద్రం ఏలూరు కాదు, భీమవరం. రాజమండ్రి ఎప్పట్నుంచో జిల్లా కేంద్రమన్నది కూడా పొరపాటే. 2022 వరకు కలెక్టరుగారు కాకినాడలో, జిల్లా జడ్జిగారు రాజమండ్రిలో ఉండేవారు. సంతకానికి ఓ ఊరు, వాయిదాకు ఓ ఊరు.

అపోహ: పక్కనే గోదావరి, ఊరంతా చల్లగా ఉంటుంది

ఈ మాట అనేవాళ్లు మే నెలలో వచ్చి ఉండరు. రోహిణి కార్తెలో ఈ ఊరు రాష్ట్రంలో బాగా కాగే ఊళ్లలో ఒకటి. గాడ్పులు ముదిరిన ఏడు పాదరసం 45 డిగ్రీలు దాటుతుంది. సముద్రం కాకినాడ దగ్గర, అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పడమటి గాలి తెలంగాణ ఎండనంతా మోసుకొస్తుంది. ఏరు ఎండిపోయి ఇసుక తిన్నెలు బయటపడితే ఆ ఇసుక కూడా కాలుతుంది. ఉన్న నీటి వల్ల వచ్చేది చల్లదనం కాదు, ఉక్కపోత. సాయంత్రం జనం ఘాట్ల మీదికి చేరేది చల్లగాలి కోసమే, కాదనను. అయితే ఆ గాలి ఘాటు దాటి మెయిన్‌రోడ్డు దాకా కూడా రాదు.

అపోహ: వరదొస్తే రాజమండ్రి మునిగిపోతుంది

ఏటా జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాదు నుంచీ, అమెరికా నుంచీ ఫోన్లు మొదలవుతాయి. టీవీలో ధవళేశ్వరం చూపిస్తారు, ఇక్కడ అమ్మానాన్నలు తేలిపోతున్నారేమోనని పిల్లల కంగారు. ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికంటే ఊరు మునిగిందని కాదు. పది లక్షల క్యూసెక్కుల నీరు గేట్లు దాటి కిందికి పోతోందని, దిగువనున్న లంకలవాళ్లు సామాను సర్దుకోవాలని. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు. ఆ ఏడాది సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నగరాన్ని గట్టు కాపాడుతుంది. గట్టుకు అవతల ఏటి మధ్య ఉన్న బ్రిడ్జి లంక, కేతావారి లంకలకు ఆ కాపు లేదు. అక్కడ పాక వేసుకుని చేపలు పట్టుకునేవాళ్లు, కాయగూరలు పండించేవాళ్లు ప్రతి పెద్ద వరదకూ పడవల్లో ఇవతలికి వచ్చి బళ్లలోనో, కల్యాణ మండపాల్లోనో తలదాచుకుంటారు. వరదంటే నగరానికి చూసి రావాల్సిన వేడుక, లంకలకు బతుకు ఖాళీ చేసే పని. ఘాటు మీద సెల్ఫీలు దిగే జనానికి వందల గజాల దూరంలోనే ఈ రెండోది జరుగుతుంటుంది.

మరి నగరం మునగదా? మునుగుతుంది, కాకపోతే వాననీటితో. ఊరి నీళ్లు, మురుగు కలిపి నల్లా ఛానల్, ఆవ ఛానల్ గుండా గోదావరిలోకే పోవాలి. ఏటి మట్టం పెరిగితే ఆ నీరు ఎదురు తన్నకుండా తూములు మూసేస్తారు. సరిగ్గా అప్పుడే ఊళ్లో కుండపోత కురిస్తే నీరు పోవడానికి దారి లేదు, మోటార్లు పెట్టి తోడాల్సిందే. తుమ్మలావ, కంబాలచెరువు ప్రాంతాల్లో మోకాలి లోతున నీళ్లు నిలిచేది అందుకు. గోదావరి ఇంట్లోకి రాకపోయినా, మన ఇంటి నీళ్లు గోదావరిలోకి పోవు. ఇక తూములు తెరిచి ఉన్న రోజుల్లో ఆ ఛానళ్లు ఏటిలో కలిపేది ఏమిటో, మనం మొక్కుకుని మునిగేది ఎందులోనో భక్తులు ఎక్కువ ఆలోచించకపోవడమే మంచిది.

అపోహ: ఇక్కడ నీటికి కరువేముంటుంది

కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన మాట నిజమే, దాని కింద గోదావరి జిల్లాలు పచ్చబడ్డ మాటా నిజమే. కానీ గోదావరి వానాకాలపు ఏరు. సంక్రాంతి దాటేసరికి పైనుంచి వచ్చే నీరు పలచబడుతుంది. రబీ వరి ఎండకుండా గట్టెక్కేది చాలా ఏళ్లు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి పుణ్యమే. అక్కడ కరెంటు తీసే లెక్క తప్పితే ఇక్కడ వంతులవారీ నీళ్లు మొదలు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. ఆలోగా ఊళ్లల్లో చెరువులు నింపుకోకపోతే వేసవంతా తాగునీటికి కటకటే. జూలైలో సముద్రం పాలయ్యే నీటిని టీవీలో చూసినవాడికి ఈ మాట నమ్మబుద్ధి కాదు.

అపోహ: గోదావరి జిల్లావాళ్లంతా ఆసాములు

ధోవతి కట్టి, పడక్కుర్చీలో కూర్చుని, పాలేర్లను కేకేసే పెద్దాయన సినిమాలో ఉన్నాడు. నిజం పెద్దాయన రాజమండ్రిలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉన్నాడు, కొడుకు డల్లాసులో. చేను దున్నేది కౌలురైతు. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు ముందే మాట్లాడుకుంటారు. తుఫాను వచ్చి గింజ నేలపాలైనా ఆ బస్తాల లెక్క ఓ పట్టాన తగ్గదు. భూమి కాగితం అతని పేరున లేదు కాబట్టి బ్యాంకు అప్పు, పంట నష్టం డబ్బు అందడం కష్టం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ప్రకటించి నాట్లు మానేశారు. దేశానికి అన్నం పెట్టే డెల్టాలో పంట విరామమేమిటని అందరూ నోరెళ్లబెట్టారు. ఖర్చూ రాబడీ లెక్కేసుకున్న రైతుకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు.

అపోహ: ఇక్కడివాళ్లు మహా మర్యాదస్తులు, ప్రతి మాటకీ 'అండీ'

అండీ ఉన్నమాట నిజం. మర్యాద సంగతి సందర్భాన్ని బట్టి. ఇరుకు సందులో బండి అడ్డంగా పెట్టినవాణ్ని పక్కకు తియ్యమని అడిగి చూడండి. "తీసేస్తామండీ, ఇది మీ తాతగారి రోడ్డని తెలీక పెట్టేశాం" అంటాడు. మాటలో గౌరవం ఎక్కడా తగ్గదు, మనిషికి తగలాల్సిన చోట తగులుతుంది.

అపోహ: రోజూ పులస పులుసే

పులస సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీది వస్తుంది. ఎర్రనీరున్న ఆ రెండు మూడు నెలలే దాని కాలం. బ్యారేజి అడ్డం కాబట్టి దొరికేదంతా ధవళేశ్వరం దిగువనే, అదీ ఏటేటా తగ్గుతోంది. ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది, వేలంలో కొన్నవాడి ఫొటో పేపర్లో పడుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత ఇక్కడిదే, కానీ ఇప్పటి ధరకు ఒక పుస్తెతో తలా ఓ ముక్క వస్తే గొప్ప. మామూలు ఇళ్లల్లో వండేది చెరువు చేప. బయటి ఊరివాళ్లు పులసనుకుని కొనుక్కెళ్లే వాటిలో చాలావరకు ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసలు. జాతి అదే, గోదావరి నీరు తగలనివి. తేడా తెలిసిన నాలుక ఉన్నవాళ్లు కొనేముందు చేపను కాదు, అమ్మేమనిషిని చూస్తారు.

అపోహ: సాంస్కృతిక రాజధాని కదా, ఊరంతా కళాభిమానులే

బిరుదుకు ఆధారాలు బోలెడు. నన్నయ ఇక్కడే భారతం మొదలుపెట్టాడు. వీరేశలింగం 1881లో తొలి వితంతు వివాహం ఇక్కడే చేయించారు. అప్పుడు ఊరి పెద్దలు ఆయనకు చేసింది సన్మానం కాదు, వెలి. విగ్రహానికి దండలు తర్వాత వచ్చాయి. 1936లో ఆంధ్రలో తొలి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ వెలిసింది కూడా ఈ ఊళ్లోనే. అది ఇక్కడ పుట్టిందని ఊళ్లో చాలామందికి ఇవాళ గుర్తు లేదు.

ఒక్క చిత్రకారుడు దామెర్ల రామారావు సంగతి చెప్తే చాలు. 1897లో పుట్టిన ఈ కుర్రాడి చేతిలోని గీతను ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి బొంబాయి జేజే స్కూలుకు వెళ్లేలా చూశాడు. తిరిగి వచ్చి ఈ ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టి శిష్యుల్ని తయారుచేశాడు. 1925లో మశూచి పోసి పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. ఆయన బొమ్మలు, భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసినవి ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడొచ్చు. గోదావరి స్త్రీల నడకను, తడి చీర మడతను అంత ఓపిగ్గా చూసినవాళ్లు అరుదు. అయితే కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ కోసం నిలబడే జనంలో పదోవంతు కూడా ఆ గ్యాలరీ మెట్లెక్కరు. పర్యాటకులేగాదు, ఊరివాళ్లూ అంతే. రోజ్‌మిల్క్‌ను తప్పుపట్టడం లేదు, అది నిజంగానే బాగుంటుంది.

అపోహ: రాజమండ్రి రేవులో పడవెక్కితే పాపికొండలే

ఒకప్పటి మాట. ఇప్పుడు మధ్యలో పోలవరం ప్రాజెక్టు ఉంది. రోడ్డు మీద గండిపోచమ్మ దాకా వెళ్లి అక్కడ లాంచీ ఎక్కాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిపోయిన తర్వాత వరద మట్టాన్ని బట్టి లాంచీలు ఆపేస్తున్నారు కూడా. వెళ్లేముందు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి.

అపోహ: పింఛనుదార్లకు సరిపోయే ప్రశాంతమైన ఊరు

ప్రశాంతత కావాలంటే తెల్లవారుజాము నాలుగింటికి లేవాలి. పగలు దేవీచౌక్ దగ్గర రోడ్డు దాటడం చిన్న విషయం కాదు. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెనను మరమ్మతులకని మూసినప్పుడల్లా కొవ్వూరు నుంచి వచ్చే ఉద్యోగులు, విద్యార్థులు చుట్టు తిరిగి రావాలి. ఇళ్లు చూస్తే పెద్దవాళ్లే ఎక్కువ కనబడే మాట నిజం. పిల్లలు బయట ఉన్నారు. 2024 డిసెంబరులో మధురపూడి విమానాశ్రయం నుంచి ఢిల్లీ, ముంబైలకు నేరు విమానాలు మొదలైతే ముందు సంతోషించింది ఈ పెద్దవాళ్లే.

రిటైరై ఇక్కడికి వచ్చేద్దామనుకునేవాళ్లు ఇల్లు చూసేటప్పుడు, బాల్కనీలోంచి గోదావరి కనబడుతుందని బ్రోకరు అడక్కుండానే చెప్తాడు. అడగాల్సినవి మీరు అడగండి: పెద్ద వాన పడితే వీధిలో నీళ్లు ఎన్ని గంటలు నిలుస్తాయి, ఛానల్ ఎంత దూరం, మున్సిపల్ కుళాయి ఎప్పుడొస్తుంది, పడమటి గోడకు ఎండ ఎంతసేపు కొడుతుంది. ఇంకోటి, గదులు. 2027 జూన్ 26 నుంచి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులకు మీ ఇంటికి ఎంతమంది చుట్టాలు దిగుతారో లెక్కేసుకుని అడ్వాన్సు ఇవ్వండి.