అద్దె చెప్పే విలువ, వేలం చెప్పే ధర

ధర అంటే ఇవాళ కొనుగోలుదారు చెల్లించే సొమ్ము కాగా, విలువ అంటే ఆ ఇల్లు ఏళ్ల తరబడి అందించే నివాస సౌకర్యానికి తగిన మొత్తం. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచే సులువైన సాధనం అద్దె రాబడి, అనగా ఏడాది అద్దె ఇంటి ధరలో ఎంత శాతమో చూపే లెక్క. కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు 25 వేల అద్దె వస్తే ఆ రాబడి 3 శాతమే. ఆ కోటినీ 8.5 శాతం వడ్డీకి అప్పుగా తెస్తే, మొదటి ఏడాది 3 లక్షల అద్దెకు ఎదురుగా సుమారు 8.5 లక్షల వడ్డీ నిలుస్తుంది. ఈ లోటును పూడ్చేది అద్దెలూ ధరలూ ఇంకా పెరుగుతాయన్న ఆశ ఒక్కటే.

అలాంటి ఆశే భూముల వేలంలోనూ కనిపిస్తుంది. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నిర్వహించిన వేలంలో హైదరాబాద్ కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఔటర్ రింగు రోడ్డు, చేరువలోని ఐటీ కార్యాలయాలు ఆ నేలకు నిజమైన విలువను చేకూర్చాయి. అయితే ఆ విలువను సృష్టించింది భూయజమానులు కాదు, ప్రజాధనం, ఉద్యోగుల శ్రమ. భూమి కొరత వల్లే ధరలు పెరుగుతాయన్న వాదన మాత్రం ఇక్కడ బలహీనం. ముంబైకి ఉన్నట్లు సముద్రపు అడ్డు హైదరాబాద్‌కు లేదు. పైగా స్థల వైశాల్యాన్ని బట్టి నిర్మాణ విస్తీర్ణానికి విధించే పరిమితిని 2006 నాటి జీవో 86 ఇక్కడ తొలగించింది. అందువల్ల ఈ ధరలో గణనీయమైన భాగం భవిష్యత్తుపై పెట్టిన పందెమే. ఇల్లు కొనదలచినవారు ఆ ఇల్లున్న వీధిలోని అద్దెలను ముందుగా విచారించాలి.