ఖాళీ సీటు – సెల్‌ఫోను లెక్క

ఒక ఆదివారము ఉదయమున తలకోన జలపాతము చూచుటకు నగరినుండి ఒక కారు బయలుదేరినదనుకొందము. అందులో ఐదుగురికి చోటున్నది, కూర్చున్నవారు ఇద్దరే. అదే వేళకు పుత్తూరులో ముగ్గురు మిత్రులు మరియొక కారులో తలకోనకే పోవుచున్నారు. నగరి కారు వారి ఊరిమీదుగనే పోవును. కాని ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. సెల్‌ఫోను యాప్ ఈ కొరతనే తీర్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు, రబ్బరు పొదుపుకొరకు కార్లను కలసి వాడుకొనుడని అమెరికా ప్రభుత్వము ప్రజలను కోరినది. ఫ్రాన్సులో 2006లో ప్రారంభమైన బ్లాబ్లాకార్ సంస్థ దూరప్రయాణములకు ఈ పద్ధతిని వ్యాపింపజేసి, 2015లో మన దేశమునకు వచ్చినది.

యాప్ ఎట్లు పనిచేయును? ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను గ్రహించి తానున్నచోటును లెక్కకట్టును. కారుగలవారు తమ గమ్యమును, బయలుదేరు వేళను, ఖాళీ సీట్లను తెలుపుదురు. సీటు కావలసినవారును అట్లే తమ వివరములు తెలుపుదురు. సంస్థ కంప్యూటరు ఈ రెండింటిని పోల్చి చూచును: వీరిని ఎక్కించుకొన్నచో కారు ఎంత చుట్టు తిరుగవలెను? పుత్తూరు దారిలోనే యున్నది. చిత్తూరు దారిలో లేదు. విహారయాత్రికులకు అరగంట ఆలస్యమైనను నష్టము లేదు గనుక జత కుదురుట సులభము.

ఇక లాభమెంత? పుత్తూరు కారు రానుపోను 210 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున నడచునన్నచో 14 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు పెట్రోలు మండగా సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఆ కారు ఇంటనే నిలిచినచో 32 కిలోల వాయువు తగ్గును.

కాని ఆ ముగ్గురు బస్సులో పోదలచినవారైనచో ఈ పొదుపు లేదు. వారెక్కకున్నను బస్సు నడచును గదా! కనుక అసలు మేలు నిండిన సీటులో లేదు. ఆగిన కారులో ఉన్నది.

అపరిచితులతో పోవునపుడు వారి గుర్తింపును, వెనుక వారితో ప్రయాణించినవారి అభిప్రాయములను యాప్‌లో చూచుకొనవలెను. యాత్రావివరములను ఇంటివారికి తెలుపవలెను. ఖర్చు పంచుకొనుట వేరు, సొంతకారును కిరాయికి త్రిప్పుట వేరు. కిరాయికి 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిట్ ఉండవలెను.

ఉపాధ్యాయులు తమ ఊరి దూరములతో ఈ లెక్కను తరగతిలో చేయించి చూడవచ్చును.