విమానం నడపాలంటే ఏ దారిన పోవాలి?



1932 అక్టోబరులో టాటా వారి టపా విమానం కరాచీలో బయలుదేరింది. బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటా స్వయంగా నడిపారు. అక్కడ నెవిల్ విన్సెంట్ అనే వైమానికుడు ఆ సంచులు అందుకుని మద్రాసుకు సాగాడు. దారిలో ఆయన దిగిన ఊరు మన బళ్ళారి. అలా చూస్తే విమానం మన సరిహద్దు జిల్లాలకు కొత్త చుట్టం కాదు. అయినా ఇంట్లో పిల్లవాడో పిల్లో "నేను పైలట్ అవుతా" అంటే తల్లిదండ్రులకు ఇవాళ్టికీ గుండె ఝల్లుమంటుంది. ఎవరిని అడగాలో తెలియదు, ఎంత ఖర్చవుతుందో తెలియదు. తెలిసిందల్లా పత్రికలో వచ్చిన ప్రకటన ఒక్కటే.

సిరుగుప్ప వైపు నుంచి ఒక రైతు ఆమధ్య మా పాఠశాలకు వచ్చారు. "అయివారూ, విమాన కంపెనీవాళ్ళే చదివించి, వాళ్ళే ఉద్యోగం ఇస్తారంట. కోటి పైన అవుతుందంట. మూడెకరాలు మాగాణి ఉంది. అమ్మేస్తే పోదా?" అని అడిగారు. ఆయనకు చెప్పిన మాటలే, ఇంకొంచెం వివరంగా, ఇవాళ మీకూ చెబుతాను.

ముందు అందరికీ ఒకటే అయిన సంగతి. ఏ దారిన వెళ్ళినా చేరవలసింది సి.పి.ఎల్. దగ్గరికే. అంటే జీతం తీసుకుని విమానం నడపడానికి ఇచ్చే లైసెన్సు. దీన్ని ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ డైరెక్టరేట్, డి.జి.సి.ఎ. పద్దెనిమిదేళ్ళు నిండాలి. బళ్ళారిలో పి.యు.సి. అంటాం, హోసూరులో ప్లస్ టూ అంటారు, యానాంలో ఇంటర్ అంటారు. పేరేదైనా అందులో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలని ఇన్నాళ్ళుగా ఉన్న నియమం. విమాన మార్గ గణన, వాతావరణం, వైమానిక నిబంధనలు, యంత్ర విషయాలు, వీటిలో రాత పరీక్షలుంటాయి. నూటికి డెబ్బై రావాలి. మన బడిపిల్లల్లాగా ముప్పై అయిదుతో గట్టెక్కడం కుదరదు. రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష. ఇవికాక 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తన మీదే పెట్టుకుని ఎగరాలి.

ఇప్పుడు కేడెట్ పథకం సంగతి. ఇండిగో, ఎయిర్ ఇండియా వంటి కంపెనీలు కొన్ని శిక్షణ సంస్థలతో ఒప్పందం చేసుకుని పిల్లల్ని ముందే ఎంపిక చేస్తాయి. పరీక్ష, ఇంటర్వ్యూ, చేతికీ కంటికీ పొంతన చూసే పరీక్షలూ ఉంటాయి. నెగ్గినవారికి లైసెన్సు చదువు, ఆ తరువాత ఆ కంపెనీ నడిపే పెద్ద విమానం మీద ప్రత్యేక శిక్షణ, అన్నీ ఒకే వరుసలో జరుగుతాయి. చివర జూనియర్ ఫస్ట్ ఆఫీసరుగా తీసుకుంటామని ఒక కాగితం ఇస్తారు. బయట లైసెన్సు తెచ్చుకుని, ఖాళీలు ఎప్పుడు పడతాయా అని ఏళ్ళ తరబడి చూసే అవస్థ ఇందులో తక్కువ. ఇది చిన్న లాభమేమీ కాదు.

కానీ రెండు మాటలు గుర్తుంచుకోండి. మొదటిది, ఎంపిక చేసేది కంపెనీ, డబ్బు కట్టేది మీరు. కేడెట్ అనగానే జీతమిచ్చి చదివిస్తారని చాలామంది అనుకుంటారు. మొత్తం ఖర్చు కోటి, ఆపైన అవుతుంది, అది కుటుంబం మీదే. రెండవది, ఆ కాగితంలో షరతులుంటాయి. ప్రతి దశలో పాసవ్వాలి, వైద్య పరీక్షలో నిలవాలి, ఆనాటికి కంపెనీకి మనుషులు కావలసి ఉండాలి. ఈ చివరి షరతు మీద వేలు పెట్టి మరీ చదవండి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, దాని కేడెట్ పథకంలో లక్షలకు లక్షలు కట్టిన పిల్లలు నడి దారిలో నిలబడిపోయారు. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. కంపెనీయే లేనప్పుడు కంపెనీ ఇచ్చిన మాట ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

రెండో దారి, మన దేశంలోనే ఫ్లయింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుని, తరువాత ఉద్యోగం వెతుక్కోవడం. ఉత్తరప్రదేశ్ అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం వారి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్ష గట్టిదే, పేరూ గట్టిదే. మనకు దగ్గరలో చూస్తే బెంగళూరు జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ పాఠశాల, మహారాష్ట్ర గోందియాలో ఒక పెద్ద సంస్థ ఉన్నాయి. 2021 తర్వాత కలబురగి, బెళగావి విమానాశ్రయాల్లో ప్రైవేటు సంస్థలకు చోటిచ్చారు. ఒడిశాలోని మనవాళ్ళకు భువనేశ్వర్‌లో ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. ఈ దారిలో లైసెన్సు దాకా సుమారు యాభై, అరవై లక్షలు. పెద్ద విమానం మీద శిక్షణకు ఆపైన మరో పదిహేను లక్షలకు తక్కువ కాదు.

ఇందులో లాభం ఏమిటంటే దశలవారీగా నడవచ్చు. ఒక మెట్టు ఎక్కి, కాలు నిలిచిందా లేదా చూసుకుని రెండో మెట్టు ఎక్కవచ్చు. నష్టం ఏమిటంటే, లైసెన్సు చేతికొచ్చాక మీ వాడు పెద్ద గుంపులో ఒకడు. 2023 ఒక్క ఏడాదిలోనే డి.జి.సి.ఎ. 1,622 మందికి ఈ లైసెన్సులు ఇచ్చింది. అదే ఏడాది ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టిన మాట నిజమే. ఆ అంకెలు చూపించి ఏజెంట్లు ఆశపెడతారు. ఆ విమానాలన్నీ ఒక్క ఏడాదిలో వచ్చి వాలేవి కావు, ఏళ్ళ తరబడి వస్తాయి.

స్కూలు ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, భోజనశాల చూడకండి. పిల్లలెందరు, ఎగిరే స్థితిలో ఉన్న విమానాలెన్ని, నేర్పేవాళ్ళెందరు అని అడగండి. రెండేళ్ళ కిందట చేరినవారిలో ఎందరికి 200 గంటలు పూర్తయ్యాయో అడగండి. వీలైతే అక్కడి పిల్లల్నే గేటు బయట టీ అంగడి దగ్గర పట్టుకుని అడగండి. వానాకాలంలో మబ్బు పట్టి, విమానం మరమ్మతుకు పోయి, ఏడాదిన్నర చదువు మూడేళ్ళు సాగినచోట్లు ఉన్నాయి. 2025 నుంచి డి.జి.సి.ఎ. ఈ సంస్థలకు శ్రేణులు ప్రకటిస్తోంది, అదీ చూడండి. ఫీజు మొత్తం ఒక్కసారి కట్టవద్దు. ఎగిరిన గంటల లెక్కన వాయిదాల్లో కడతామనండి.

విదేశాలకు వెళ్ళేవారూ ఉన్నారు. అక్కడ వాతావరణం తేటగా ఉన్నచోట గంటలు త్వరగా పూర్తవుతాయి. కానీ తిరిగివచ్చి ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవాలి. ఆ కాలాన్నీ ఖర్చునూ కూడా లెక్కలో వేసుకోండి.

చేతిలో డబ్బు లేదు, పిల్లలో చురుకుంది అంటారా, వైమానిక దళం ఉంది. ఎన్.డి.ఎ. పరీక్ష ద్వారా చేరితే చదువుకు ఫీజు లేదు, శిక్షణలో చివరి దశ నుంచి భత్యమూ ఇస్తారు. 2022 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. అయితే అది సైన్యం. పౌర విమానాలకు అడ్డదారి అనుకుని వెళ్ళే చోటు కాదు. దేశసేవ మనసుకు నచ్చినవాడే వెళ్ళాలి.

ఇక అప్పు సంగతి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఇల్లో పొలమో తాకట్టు అడుగుతాయి. ఎనభై లక్షలు నూటికి పది వడ్డీతో పదిహేనేళ్ళకు తీసుకున్నారనుకోండి. నెలకు సుమారు 86 వేలు కట్టాలి. చదువు ముగిశాక సాధారణంగా ఏడాది గడువిస్తారు. ఆ ఏడాదిలో ఉద్యోగం రాకపోతే ఆ 86 వేలు కట్టేది నాన్నగారే. షెడ్యూల్డు కులాల పిల్లలకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం పథకంలో ఈ కోర్సు కూడా చేర్చి ఉంది, మీ జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

కాబట్టి ఆ రైతుతో నేను అన్నదిది. కోటి రూపాయలు పోయినా ఇల్లు గడిచేవారికి కేడెట్ పథకం మంచి దారి. ఉన్న మూడెకరాలే ఆధారమైతే అది అమ్మి అందులో పెట్టవద్దు. ముందు క్లాస్ టూ వైద్య పరీక్ష చేయించండి. దానికి వేలల్లోనే అవుతుంది. రంగులు సరిగా గుర్తుపట్టని కళ్ళున్నాయని కొందరికి అక్కడే తెలుస్తుంది. ఆ తరువాత క్లాస్ వన్ కూడా అయ్యాక, ఇంట్లో కూర్చుని రాత పరీక్షలు చదవనివ్వండి. రెండు మూడు పేపర్లు పాసయితే పిల్లవాడి పట్టుదల ఎంతో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా పొలం పొలంలాగే ఉంటుంది.

బడిపంతులుగా ఇంకొక్క మాట. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడతారు. ఇంగ్లీషు మూడో భాష. పైలట్‌కు ఇంగ్లీషులో మాట్లాడే సామర్థ్యాన్ని పరీక్షిస్తారు, కనీసం నాలుగో స్థాయి రావాలి. భయపడకండి. అది కవిత్వం చెప్పే ఇంగ్లీషు కాదు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పే ఇంగ్లీషు. అంకెలు కూడా పొరపాటు పడకుండా మార్చి పలుకుతారు, త్రీని 'ట్రీ' అని, నైన్‌ను 'నైనర్' అని. రెండు భాషల మధ్య పెరిగిన చెవికి ఇది త్వరగానే పడుతుంది. రోజూ అరగంట ఇంగ్లీషు వార్తలు విని, విన్నది పైకి చెప్పించండి. ఆ అలవాటుకు ఏ అకాడమీ ఫీజూ అక్కర్లేదు.

ఆ రైతు కొడుకు వైద్య పరీక్షకు బెంగళూరు వెళ్ళివచ్చాడు. ఇప్పుడు వాతావరణ శాస్త్రం చదువుతున్నాడు. మాగాణిలో ఈసారీ వరి నాటారు. సెలవు.